ముందు మేనేజరు కూర్చోవాలి

హైదరాబాద్‌లో కాస్త పెద్ద కంపెనీలన్నిటికీ ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ తరగతులు మామూలైపోయాయి. హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది. కాన్ఫరెన్స్ హాల్లో బల్లలు జరిపి చాపలు పరుస్తారు. శిక్షకురాలు మెల్లటి గొంతుతో శ్వాస మీద ధ్యాస పెట్టమంటుంది. గంట తర్వాత అందరూ లేచి లాప్‌టాప్‌ల ముందుకు వెళ్తారు, ఆ గంటలో ఆగిన పని రాత్రి ఇంటికి వెళ్ళాక పూర్తవుతుంది. ఈ విషయంలో ప్రభుత్వమూ వెనకబడలేదు. 2021 సెప్టెంబర్‌లో కేంద్ర ఆయుష్ శాఖ ‘వై-బ్రేక్’ పేరుతో ఒక ఫోన్ యాప్ తెచ్చింది. ఆఫీసులో కూర్చున్నచోటే ఐదు నిమిషాల్లో కొంచెం ఆసనం, కొంచెం ప్రాణాయామం, కొంచెం ధ్యానం ముగించే ఏర్పాటు అది. ఉద్యోగులు దాన్ని వాడేలా చూడమని సిబ్బంది వ్యవహారాల శాఖ మంత్రిత్వ శాఖలన్నిటికీ రాసింది. వీటిని వెక్కిరించడం తేలిక, అందులో అర్థం లేదు. ఐదు నిమిషాలు నడుము వాల్చినా మేలే. అయితే పనిచోట ఎరుక, కరుణ, మనిషిగా ఎదుగుదల కావాలని నిజంగా అనుకునేవాళ్ళు వాటిని మొదలుపెట్టే చోటు తప్పుగా ఎంచుకున్నారని నా వాదన. ఎరుక ముందు అధికారం ఉన్న కుర్చీలో పుట్టాలి. అక్కడినుంచి పనివేళలుగా, విరామాలుగా, కాగితం మీద రాసిన నియమాలుగా కిందికి దిగాలి. పైనున్నదంతా ఉన్నట్టే ఉంచి కింది ఉద్యోగికి శ్వాస నేర్పితే అతని లిస్టులో ఇంకో డ్యూటీ చేరుతుంది, అంతే. ఈ మాటకు లండన్‌లోనూ రంగూన్‌లోనూ సాక్ష్యాలున్నాయి గానీ, అన్నిటికన్నా గట్టి సాక్ష్యం జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది.

ముందు ధ్యానానికి దక్కాల్సిన గౌరవం దక్కనివ్వాలి. బౌద్ధ సాధనలోని మెళకువను తీసుకుని, మతం రంగు తగ్గించి, ఆసుపత్రిలో రోగులకు ఎనిమిది వారాల కోర్సుగా నేర్పడం 1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టాడు. దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవాళ్ళకు నొప్పిని తట్టుకునే దారి చూపడం ఆయన ఉద్దేశం. తర్వాత ఇలాంటి పరిశోధనలు వందల కొద్దీ వచ్చాయి. వాటిలో పకడ్బందీగా జరిగిన 47 పరీక్షలను, మూడున్నర వేల మందికి పైగా పాల్గొన్నవాటిని, 2014లో ఒక బృందం ఒక్కచోట పెట్టి చూసింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గుతాయని తేల్చింది. అద్భుతాలేమీ చెప్పలేదు, అబద్ధమనీ అనలేదు. మన దగ్గర నేర్చుకునే చోట్లకు కొదవ లేదు. హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర నాగార్జునసాగర్ రోడ్డు మీద ‘ధమ్మఖేత్త’ విపశ్యన ధ్యాన కేంద్రం 1976 నుంచీ ఉంది. రంగారెడ్డి జిల్లా కన్హా శాంతివనంలో లక్షమంది కూర్చునే ధ్యానమందిరం 2020 జనవరిలో తెరిచారు. రెండుచోట్లా నేర్పడానికి ఫీజు తీసుకోరు. మనిషి తనంతట తాను వెళ్ళి కూర్చున్నప్పుడు దక్కే ఫలితం గురించి నాకు పేచీ లేదు.

పేచీ అంతా అది ఆఫీసు కార్యక్రమంగా మారినప్పుడే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ చూడాలి. బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46 వేలకు పైగా ఉద్యోగుల జవాబులను ఆయన పరిశీలించాడు. ధ్యానం తరగతులు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణ, మనశ్శాంతి యాప్‌ల వంటి వాటిలో పాల్గొన్నవాళ్ళనూ పాల్గొననివాళ్ళనూ పోల్చాడు. పాల్గొన్నవాళ్ళ పరిస్థితి ఏ కోశానా మెరుగ్గా కనిపించలేదు. ఒకే ఒక్క కార్యక్రమం కొంచెం మేలు చూపింది. అది ఆఫీసు తరఫున బయటికి వెళ్ళి సేవ చేయడం. ఒక్క సమయంలో తీసిన జవాబుల మీద ఆధారపడిన అధ్యయనం కాబట్టి ఇదే ఆఖరి మాట అనలేం. ఒత్తిడి ఎక్కువున్నవాళ్ళే ఆ తరగతుల్లో చేరి ఉండొచ్చు కదా అని అడగవచ్చు, అది న్యాయమైన ప్రశ్నే. అయినా ఆసుపత్రిలో పనిచేసిన మందు ఆఫీసులో ఎందుకు పనిచేయలేదన్నది ఆలోచించాల్సిన సంగతి. దీనికి జవాబు చాలాకాలం ముందే దొరికింది. లండన్ వైట్‌హాల్‌లో పనిచేసే ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యాన్ని 1967 నుంచి పరిశీలిస్తూ సేకరించిన వివరాల్లో మైకేల్ మార్మట్ బృందానికి ఒక వింత కనిపించింది. గుండెజబ్బుతో చనిపోయేవాళ్ళు పెద్ద అధికారుల్లో కన్నా అట్టడుగు గ్రేడు ఉద్యోగుల్లో మూడు రెట్లు ఎక్కువ. బాధ్యతల బరువంతా పెద్ద అధికారులదే కదా, మరి గుండె ఆగేది ప్యూను దగ్గర ఎందుకు? తర్వాతి తరం పరిశోధనలో ముఖ్యంగా తేలిన కారణం, తన పని మీద తనకు పట్టు లేకపోవడం. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో, ఏది ముందో ఏది వెనకో ఇంకెవరో చెప్పే బతుకు శరీరాన్ని తినేస్తుంది. శ్వాసను గమనించడం ఆ పట్టును తెచ్చిపెట్టదు. పట్టు ఇవ్వగలిగినవాడు పై కుర్చీలో ఉన్నాడు.

ఆ పై కుర్చీలోని మనిషే మొదట కూర్చున్న సందర్భం ఒకటుంది. ఈ విషయం మీద రాసేవాళ్ళు దాదాపు అందరూ దాన్ని వదిలేసి నేరుగా గూగుల్ ఆఫీసుల్లోని ధ్యానం తరగతుల దగ్గరికి వెళ్ళిపోతారు. బర్మాలో ఊ బా ఖిన్ అనే ఆయన అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. 1937లో విపశ్యన సాధన మొదలుపెట్టాడు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైనరోజే ఆ దేశపు తొలి అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. 1950లో ఆ ఆఫీసు సిబ్బంది కోసం విపశ్యన సంఘం పెట్టాడు. అంటే తన కింది ఉద్యోగులకు నేర్పడానికి ముందు పదమూడేళ్ళు తాను సాధన చేశాడు. ఆడిటింగ్ అంటే నిత్యం ఒత్తిడి, పైరవీలు, లంచాల ఎర ఉండే శాఖ. లెక్కల్లో తేడాలున్న శాఖలకు ఆయన్ను పంపి సరిచేయించుకునేవారు. ఒక్కోసారి నాలుగు శాఖల బాధ్యత కూడా ఆయన నెత్తిన ఉండేది. శిష్యులు రాసిన జీవితచరిత్రల్లో భక్తి పాలు ఎక్కువే, అది మినహాయించుకునే చదవాలి. మినహాయించాక కూడా మిగిలే సంగతి ముఖ్యమైనది. అక్కడ ధ్యానం, ఆఫీసు శుభ్రం కావడం ఒకే మనిషి చేతిమీదుగా జరిగాయి. ధ్యానం కింది గుమాస్తాకూ తప్పుడు లెక్క పైవాడికీ అన్న విభజన అక్కడ లేదు. ఆయన దగ్గర 1955లో కోర్సు చేసిన వ్యాపారి ఎస్.ఎన్. గోయెంకా. మార్ఫిన్ ఇంజెక్షన్లతో గానీ తగ్గని పార్శ్వపునొప్పితో వెళ్ళినవాడు. 1969లో ఆయన భారతదేశం వచ్చి నేర్పడం మొదలుపెట్టాడు, ఆ పరంపరే ఏడేళ్ళకు హైదరాబాద్ చేరింది. కాబట్టి వనస్థలిపురం దగ్గర పదిరోజులు మౌనంగా కూర్చునే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు సాధన మూలాలు రంగూన్‌లోని ఒక సర్కారీ ఆఫీసులో ఉన్నాయి. పనిచోట ధ్యానం అమెరికా నుంచి దిగుమతి అయిందనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు.

పైవాడి మనసు మంచిదైతే సరిపోతుందా? ఈ ప్రశ్నకే దేవరుప్పుల కావాలి. జనగామ నుంచి సూర్యాపేట పోయే రోడ్డు మీద వచ్చే ఈ మండలంలోనే కడవెండి ఉంది. అప్పట్లో జనగామ నల్గొండ జిల్లాలో ఒక తాలూకా, ఈ పల్లెలన్నీ విసునూరు దేశ్‌ముఖ్ చెప్పుచేతల్లో ఉండేవి. 1946 జూలై 4న ఊరేగింపుగా కదిలిన సంఘం జనం గడీ దగ్గరికి వచ్చేసరికి దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమురయ్య అక్కడే నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడిగా ఆయన పేరు ప్రతి తెలంగాణ పిల్లవాడికీ తెలుసు. తెలియాల్సినంతగా తెలియనిది, ఆ పోరాటం మొదట పనిచోటు గురించి జరిగిందన్న సంగతి. భూమి పంపకం తర్వాత వచ్చింది. మొదటి మాట వెట్టి ఆపాలన్నది. బట్టలుతకడం, కుండలు చేసివ్వడం, చెప్పులు కుట్టడం, మేనా మోయడం, గడీలో ఎవరు వచ్చినా వంటకు కట్టెలూ నీళ్ళూ అందించడం, దొర పొలంలో ముందు పని ముగించి ఆ తర్వాతే తన చెలక చూసుకోవడం, ఇవన్నీ కూలి లేని పనులు. పిలిచినప్పుడు వెళ్ళాలి, పొమ్మన్నప్పుడు రావాలి. వైట్‌హాల్ పరిశోధకులు కొలిచిన ‘పట్టు లేకపోవడం’ ఇక్కడ మనుషుల జీవితమంతా పరుచుకుని ఉండేది.

ఆ రోజుల గురించి ఈ ప్రాంతపు పల్లెల్లో పదేపదే వినిపించే మాట ఒకటుంది. పొలంలో నాటు వేస్తున్న బాలింతలు ఇంటికెళ్ళి బిడ్డకు పాలిచ్చి వస్తామంటే పోనిచ్చేవాళ్ళు కాదట. చేపుకొచ్చిన పాలను అక్కడే గట్టు మీద పిండేసి మళ్ళీ మడిలోకి దిగాల్సిందేనట. ఈ కథను ఏ ఊరికి ఆ ఊరు తన కథగానే చెప్పుకుంటుంది. కథ వివరాల్లో తేడాలున్నా అది పట్టుకున్న విషయంలో తేడా లేదు. పని ఆగకూడదన్న ఒక్క ధ్యాసలో ఎదుటి మనిషి శరీరం కనపడకుండా పోయింది. ఎరుక లేకపోవడానికి ఇంతకన్నా సూటిగా ఉదాహరణ చెప్పలేం. అయితే దీనికి మందు ఏది అని చూసినప్పుడు నా వాదన అసలు మలుపు తిరుగుతుంది. దొరల్లో దయగలవాళ్ళు లేరా? ఉన్నారు. పండక్కి పాత చీరె ఇచ్చినవాళ్ళు, పెళ్ళికి వడ్లు కొలిచి ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ దయతో వెట్టి పోలేదు, సంఘం పెట్టుకున్నాక పోయింది. చివరికి 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దాన్ని నేరం చేసింది. పాలిచ్చే తల్లి సంగతి కూడా అంతే. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండు పాలవిరామాలు ఇవ్వాలని రాసింది. 2017లో సెలవును 26 వారాలకు పెంచారు. యాభై మంది, అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలో శిశుసంరక్షణ గది ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి రావచ్చన్నారు. కరుణకు అంకె పెట్టారు. అంకె పెట్టిన కరుణ యజమాని మూడ్ మీద ఆధారపడదు, అడుక్కోవాల్సిన పనిలేదు.

ఇది కొత్త ఊహేమీ కాదు, తెలుగునేల మీద చాలా పాతది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. వాటిలో తొమ్మిదోది నిజమైన శుభకార్యం ఏమిటో చెబుతూ దాసులతో, సేవకులతో సరిగ్గా మెలగడాన్ని మొట్టమొదట పెట్టింది. గురువుల గౌరవం, దానధర్మం ఆ తర్వాతే. (అదే బండ మీద ఆరో శాసనంలో తాను తింటున్నా, అంతఃపురంలో ఉన్నా ప్రజల పని ఉంటే వచ్చి చెప్పవచ్చని, ఎంత పనిచేసినా తనకు తృప్తి లేదని చక్రవర్తి రాయించాడు. ఇప్పటి సీఈవోలు చాలామందికి ఈ శాసనమే నచ్చుతుంది. తాను ఎంతసేపైనా పనిచేస్తానన్నాడు గానీ మీరూ అలాగే చేయండని అశోకుడు అనలేదు, అది గమనించాలి.) నాగార్జునకొండతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు ఉపదేశంగా రాసిన రత్నావళి ఇంకా ముచ్చటైనది. శూన్యవాదం లోతుల్లో తిరిగే ఆ తత్త్వవేత్త అందులో హఠాత్తుగా కిందికి దిగి, బాటసారులు ఆగే చలివేంద్రాల దగ్గర చెప్పులు, గొడుగులు, నీళ్ళు వడగట్టే గుడ్డ, ముల్లు తీసే పట్టకారు, సూది దారం, విసనకర్ర ఉంచమంటాడు. ఖైదీలను వదిలేసేంతవరకు వాళ్ళకు క్షౌరం, స్నానం, తిండి, మందులు, బట్టలు అందేలా చూడమంటాడు. రాజు మనసు కరుణతో నిండాలని చెప్పి ఊరుకోలేదు, పట్టకారు పెట్టించమన్నాడు. పనిచోట కరుణ గురించి మాట్లాడే ప్రతి శిక్షకుడికీ నేను ఈ పట్టకారు గుర్తుచేస్తాను.

మరి నియమాలే అన్నీ అయితే ఇక మనసు గొడవ ఎందుకని అడగవచ్చు. సంఘాలవాళ్ళు ఈ ప్రశ్న తరచుగా వేస్తారు, బలమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా దేవరుప్పుల లాంటి మండలాల పల్లెల్లో దొరుకుతుంది. ‘కరువు పని’ అని మన పల్లెజనం పిలుచుకునే ఉపాధి హామీకి 2005లో చట్టం చేసినప్పుడు పనిచోట నీడ, తాగునీళ్ళు, ప్రథమచికిత్స పెట్టె ఉండాలని రాశారు. ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో వస్తే, వాళ్ళను చూసుకోవడానికి కూలీల్లోనే ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. చూడబోతే నాగార్జునుడి జాబితాకు వారసత్వంలాగే ఉంది. మే నెల ఎండలో చెరువు పూడిక తీసేచోట ఎవరైనా పరదా కడితేనే నీడ. పట్టా గుడ్డ ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో మూలన ఉంటే, మందుల పెట్టె పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉంటే, చట్టం ఉండీ లేనట్టే. దాన్ని తెచ్చి కట్టించే మనిషికి కావాల్సింది ఎదుటివాడిని చూసే చూపు. తుమ్మచెట్టు కింద చీరె ఉయ్యాలలో పసిపాప నిద్రపోతుందని, నీడ జరిగేకొద్దీ తల్లి గడ్డపార వదిలి వెళ్ళి ఉయ్యాల జరుపుతుందని, ఆ జరిపినప్పుడల్లా ఆమె కొలత తగ్గి కూలి తగ్గుతుందని కూలీల పని చూసుకునే మేట్ గమనించాలి. అతనికి మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాట తెలియకపోయినా ఫర్వాలేదు, ఆ గమనింపే అది. నియమం లేని చూపు దొర దయగా మిగులుతుంది. చూపు లేని నియమం బీరువాలో ఉంటుంది.

దయ ఇచ్చినవాడే దాన్ని వెనక్కి తీసుకోగలడన్న సంగతికి దగ్గరి ఉదాహరణ ఆర్టీసీ. 2019 అక్టోబర్ 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. సుమారు 48 వేల మంది కార్మికులు బయట ఉన్నారు. సమ్మె ముగిశాక డిసెంబర్ 1న ముఖ్యమంత్రి కార్మికులను పిలిచి భోజనం పెట్టి వరాలు ప్రకటించారు. మహిళా ఉద్యోగుల డ్యూటీ రాత్రి ఎనిమిదిలోపు ముగించాలన్నారు, పిల్లల సంరక్షణకు మూడు నెలల సెలవు, బట్టలు మార్చుకునే గదులు అన్నారు. మంచి మాటలే, అవసరమైనవే. దర్జాగా కనిపించే డిపోలో ఆడమనిషి బట్టలు మార్చుకోవడానికి గది లేదన్న విషయం అంతవరకు పైవాళ్ళ చెవికి ఎక్కకపోవడమే విడ్డూరం. అదే సమయంలో రెండేళ్ళపాటు యూనియన్లు ఉండకూడదని, వాటి బదులు డిపోకు ఇద్దరు సభ్యులతో సంక్షేమ మండళ్ళు పెడతామని కూడా చెప్పారు. ఒకచేత్తో కరుణ పంచి, ఇంకోచేత్తో నోరు మూశారు. వరాలను నిలబెట్టమని అడిగే సంస్థ లేనప్పుడు వరాల ఆయుష్షు ఎంతో ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత 2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. ఎందరో ఆడవాళ్ళకు రెక్కలొచ్చినట్టయిన పథకం, అందులో సందేహం లేదు. దాని బరువు మోసిన కండక్టర్‌కు మాత్రం కిక్కిరిసిన బస్సులో ఆధార్ కార్డులు చూస్తూ, జీరో టికెట్లు కొడుతూ, మాటలు పడుతూ నవ్వుముఖంతో ఉండే పని వచ్చింది. ప్రయాణికులతో మర్యాదగా ఉండమని శిక్షణ ఇవ్వడం తప్పేమీ కాదు. కానీ రద్దీ వేళలో ఇంకో బస్సు వేస్తే కండక్టర్ మర్యాద దానంతటదే పెరుగుతుంది.

యాజమాన్యాల వైపు నుంచి వచ్చే ఆక్షేపణ ఇంకొకటి. పోటీ ప్రపంచంలో ఇదంతా కుదరదు, దేశం ముందుకెళ్ళాలంటే గంటలు పెరగాలి. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి వారానికి 70 గంటలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ మాట 90 గంటల దాకా వెళ్ళింది. అదే ఏడాది జూలైలో తెలంగాణ ప్రభుత్వం వారానికి 48 గంటల హద్దు ఉంచుతూనే వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చంది. ఎక్కువ గంటలు శరీరానికి ఏం చేస్తాయో ఊహించుకోవాల్సిన అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క తీశాయి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకు 35–40 గంటలవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చావు ముప్పు 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లోనే ఇలా పోయిన ప్రాణాలు ఏడు లక్షల 45 వేలు. 70 గంటలు పని చేయించి పావుగంట ధ్యానం చేయించే సంస్థ ఏ లెక్కన ఆరోగ్యం పంచుతోంది? పైగా ధ్యానం ఉత్పత్తి పెంచుతుందన్న ఆశ కూడా గట్టిది కాదు. హాఫెన్‌బ్రాక్, వోస్ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో చూపినదాని ప్రకారం, కాసేపు ధ్యానం చేసినవాళ్ళకు ఇచ్చిన పని మీద ఉత్సాహం తగ్గింది. పని నాణ్యత పెరగలేదు, తగ్గలేదు. ఉన్న క్షణంతో తృప్తిగా ఉండమని నేర్పాక టార్గెట్ వెంట పరుగెత్తాలనిపించకపోవడంలో ఆశ్చర్యం ఏముంది? ఇది ధ్యానం లోపం అనను. దాన్ని ఉత్పత్తి యంత్రంగా కొన్నవాళ్ళు సరుకు సరిగ్గా చూసుకోలేదు.

ధ్యానం నేర్పితే కార్మికుడు చల్లబడిపోతాడు, అడగాల్సినవాడు కళ్ళు మూసుకుంటాడు అని వామపక్షం నుంచి వచ్చే విమర్శ కూడా ఉంది. రొనాల్డ్ పర్సర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 2019లో దీనిమీద ‘మెక్‌మైండ్‌ఫుల్‌నెస్’ అని పుస్తకమే రాశాడు. ఒత్తిడికి కారణాన్ని కంపెనీలో వెతకకుండా ఉద్యోగి బుర్రలో వెతకడమే ఈ వ్యాపారం కిటుకు అంటాడు. రోగం గురించి ఆయన చెప్పింది నిజం, అది ధ్యానంలోనే ఉందని మాత్రం నేను ఒప్పుకోను. బర్మా అకౌంటెంట్ జనరల్ కళ్ళు మూసుకుని లేచాక తప్పుడు బిల్లులను వదిలిపెట్టలేదు. కళ్ళు తెరిచాక ఏం చేయడానికి అనుమతి ఉందన్నదే అసలు తేడా. మన తెలుగువాడు సత్య నాదెళ్ల కథ ఇక్కడ రెండువైపులా పనికొస్తుంది. 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యాక ఆయన తన పక్కన కూర్చునే పెద్ద అధికారులతోనే మొదలుపెట్టాడు. వాళ్ళకు మార్షల్ రోజెన్‌బర్గ్ రాసిన హింస లేని సంభాషణ పుస్తకం ఇచ్చాడు. ఒక మనస్తత్వ నిపుణుడి సమక్షంలో ఒకరికొకరు తమ జీవితాల గురించి చెప్పుకునేలా చేశాడు. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన కొడుకును పెంచడం తనకు ఎదుటివాడి బాధ నేర్పిందని 2017లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నాడు. మొదలుపెట్టిన చోటు సరైనదే. అయితే 2014 జూలైలో 18 వేల ఉద్యోగాలు, 2023 జనవరిలో పదివేల ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించిందీ ఆ కంపెనీయే. నాయకుడి మనసు ఎంత మెత్తనైనా, తీసేసేటప్పుడు ఉద్యోగికి ఏం దక్కాలో చట్టంలోనో ఒప్పందంలోనో లేకపోతే ఆ మెత్తదనం ఉద్యోగి ఇంటిదాకా చేరదు.

దయ చూపితే క్రమశిక్షణ పోతుందన్న భయం మిగిలింది, ఆఫీసుల్లో ఎక్కువమంది సూపర్‌వైజర్లు నిజంగా భయపడేది దీనికే. దీని మీద హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ చేసిన పని చెప్పుకోదగ్గది. ఆసుపత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను ఆమె లెక్కపెట్టింది. కలివిడిగా ఉండే మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయని అనుకుంది. లెక్క తలకిందులుగా వచ్చింది, వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే ఆ వార్డుల్లో నర్సులు తప్పు జరిగితే హెడ్ నర్సుకు వెంటనే చెప్పేవాళ్ళు, మిగతాచోట్ల తిట్లకు భయపడి దాచేసేవాళ్ళు. భయం తప్పులను తగ్గించలేదు, కనపడకుండా చేసింది. పనిలో మనిషి ఎదుగుదల అంటే వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలే గుర్తొచ్చే మనకు ఇది కాస్త మింగుడుపడదు. ‘సార్, ఇది నాకు రాదు, నేర్పండి’ అని చెప్పినా ఇంక్రిమెంట్ పోదన్న నమ్మకం ఉన్నచోటే గుమాస్తా కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటాడు, ఆశా కార్యకర్త రిజిస్టర్‌లో తప్పును తానే సరిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన మార్గదర్శకాలు మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలని గట్టిగా సిఫార్సు చేయడం వెనక ఉన్న తర్కం ఇదే. ఉద్యోగులకు వ్యక్తిగత శిక్షణను కూడా అవి కొట్టేయలేదు. పని తీరును మార్చడమూ అందులో ఉంది.

ఇది ఖర్చుతో కూడిన వ్యవహారమని ఎవరైనా అంటే కుర్చీ సంగతి చెప్పాలి. జనగామ లాంటి పట్నంలో బట్టల షాపు సేల్స్‌గర్ల్ పొద్దున షట్టర్ లేచిన దగ్గర్నుంచి రాత్రి దిగేదాకా నిలబడే ఉంటుంది. గిరాకీ లేనప్పుడు కూడా కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తుందని యజమాని అనుమానం. పండగ సీజన్‌లో పిక్కల మీద నరాలు ఉబ్బి, ఇంటికెళ్ళాక కాళ్ళు గోడకు ఎత్తిపెట్టుకుని పడుకునే ఆడపిల్లలు ఎందరో. కేరళలో షాపుల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి అడిగితే 2018లో కూర్చునే హక్కును చట్టంలో పెట్టారు, 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. ఏ ధ్యానగురువూ అవసరం లేని సంస్కరణ ఇది, ఒక ప్లాస్టిక్ స్టూలు చాలు. అయినా చట్టం చేయాల్సి వచ్చింది, చేశాక కూడా ఆ స్టూలు గోడౌన్‌లో ఉందో కౌంటర్ వెనక ఉందో యజమాని రోజూ చూడాలి. మండల ఆఫీసుల్లో రివ్యూ మీటింగు కూడా అలాంటిదే. సాయంత్రం నాలుగుకు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలియని మీటింగులో వెనక వరుసలో కూర్చున్న అంగన్‌వాడీ సూపర్‌వైజర్ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో, మైకు పట్టుకున్న అధికారికి తెలియాలి. సర్క్యులర్‌లో మొదలయ్యే టైముకు పక్కనే ముగిసే టైము కూడా రాయడానికి ఏ బడ్జెటూ అక్కర్లేదు.